వెళ్ళొస్తానంటే ఇరవై నాలుగు రోజులు

మిగిలిన సెలవులు: 29

ఈ రోజు మా మేనత్త ఉద్యోగం మానేసింది. సాక్షిగా పచ్చ మీట నొక్కింది నేనే. అందుకే వివరంగా రాసిపెట్టుకుంటున్నాను.

పెన్సిలుతో రాస్తున్నాను. సముద్రం అడుగున పెన్నులు సిరా కక్కేస్తాయి. కంపెనీ చిట్టా వేరే ఉంది. దాన్ని నోటితో చెప్పాలి, గోడల్లోంచి మునసబు వింటుంది. ఈ పుస్తకం మాత్రం నా సొంతం.

మునసబు అంటే మనిషి కాదు. హాజరు, సెలవులు, భోజనాలు, తలుపులు అన్నీ చూసుకునే యంత్రం. కంపెనీ పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగక మావాళ్ళు మునసబు అన్నారు. ఇక్కడ సముద్రపు నేల మీద దొరికే లోహపు దుంపలు ఏరే నూట నలభై మందిలో చదవగలిగినవాళ్ళు పదిమంది కూడా లేరు. అందుకని సంతకాల గొడవ లేదు. ఏదైనా నోటితో చెప్పాలి, మునసబు తిరిగి వినిపిస్తుంది, చదువుకున్నవాళ్ళొకరు పక్కన నిలబడి సరే అని మీట నొక్కాలి. ఆ చదువుకున్న మనిషిని నేను. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని. చిట్టా గుమస్తాగా దిగి ఎనిమిది నెలలైంది.

అత్త ఎడమ తుంటి ఎముక చచ్చిపోతోందని వైద్య పరీక్షలో తేలింది. ఈ అడుగున ఒత్తిడికి కొందరికి అలా జరుగుతుందట. ఇప్పుడు పైకి చేరితే కర్ర పట్టుకునైనా నడుస్తుంది. తుపాన్ల కాలం దాటేదాకా నాలుగు నెలలు ఇక్కడే ఉంటే ఇక మంచమే.

ఒప్పందంలో ఇరవై ఏడో షరతు నేనే చదివి వినిపించాను. మూడేళ్ళ గడువుకు ముందే మానుకున్నవాళ్ళకు, పనిచేసిన నెలకు రెండున్నర రోజుల చొప్పున చేరిన సెలవుల్లో వాడుకోనివి వాళ్ళకే దక్కుతాయి. అత్తకు పద్నాలుగు నెలలు. ముప్ఫై అయిదు రోజులు. జ్వరానికి ఆరు పోయాయి. ఇరవై తొమ్మిది. పైకి తీసుకెళ్ళే నెమ్మది గదిలో పన్నెండు రోజులు గడపాలి. ఒత్తిడి కొంచెం కొంచెంగా తగ్గించకపోతే మనిషి రక్తం పొంగిపోతుంది. ఆ పన్నెండూ సెలవుల్లోంచే తీస్తారు. మిగతా పదిహేడు రోజులకు జీతం చేతికొస్తుంది.

సూపర్‌వైజరు త్రినాథరావు గారి ఎదుట, అత్త తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి భుజాన వేసుకుని గోడకు దండం పెట్టింది.

"బాబూ, పద్నాలుగు నెలలు నీ ఉప్పు తిన్నాను. కాలు మాట ఇనడం నేదు. మరి నానెల్లొత్తాను."

"మైలపల్లి కాసులమ్మ వెళ్ళి వస్తారు. నమోదు చేయవచ్చునా?" అంది మునసబు.

నేను మీట నొక్కాను.

మిగిలిన సెలవులు: 26

నెమ్మది గది ప్రస్తుతం పైన ఉంది. తిరిగి దిగడానికి ఇంకా ఆరు రోజులు.

అత్త ఖాళీగా కూర్చోలేదు. నా బట్టలన్నీ ఉతికింది. ఈ గాలిలో బట్టలు ఆరవు, వేడి గొట్టానికి చుట్టి గంటకోసారి తిప్పాలి. హీలియం కలిపిన గాలి కాబట్టి ఒంట్లో వెచ్చదనాన్ని లాగేస్తుంది, నాలుక మీద రుచి తెలియనివ్వదు, గొంతు మార్చేస్తుంది. అత్త పైన ఉన్నప్పుడు ఒక్క కేక వేస్తే ఒడ్డున వలలు లాగేవాళ్ళు తలెత్తి చూసేవారు. ఇక్కడ ఎంత తిట్టినా కోడిపిల్ల కూసినట్టే ఉంటుంది.

"నవ్వు, నవ్వు. పైకెల్లి నాకా గొంతు రానీ. అప్పుడు నీ పని సెప్తాను" అంటుంది.

ఈ రోజు సెలవుల లెక్క కనిపించే తన మణికట్టు పట్టీ నాకు చూపించింది. "చూసావేటే, రోజుకొకటి తగ్గతంది. ఎల్లే రోజు దగ్గరపడతంది కదా, మునసబు లెక్కెడతన్నాడు."

అప్పుడు నేను దుంపల తూకం లెక్కలు చూసుకుంటున్నాను. ఊఁ అన్నాను.

మిగిలిన సెలవులు: 20

ఆ 'ఊఁ' గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

పొద్దుటి షిఫ్టు మొదలయ్యేసరికి నెమ్మది గది దిగింది. దాన్ని కిందనుంచి నడిపే గౌరీసు నాకు కబురంపాడు. అరవై దాటినవాడు, అందరితోనూ హాస్యమాడతాడు. ఈ రోజు ఆడలేదు.

"పాపా, మీ యత్త పేరు ఎర్రగా ఒస్తంది. సెలవులు సాలవంట."

"పన్నెండు రోజులే కదా. ఇరవై తొమ్మిది ఉన్నాయి."

"ఇరవయ్యున్నాయి. కావలసింది ఇరవై నాలుగు."

నాకు అర్థం కాలేదు. అతను తెర నావైపు తిప్పాడు. అత్త పేరు కింద 'రాజీనామా' అని లేదు. 'సెలవులో ఉన్నారు' అని ఉంది. తొమ్మిది రోజులుగా రోజుకొకటి చొప్పున అత్త సెలవులు కరిగిపోతున్నాయి. సెలవు మీద పైకి వెళ్ళే మనిషి తిరిగి రావాలి కాబట్టి ఎక్కడానికి పన్నెండు, దిగడానికి పన్నెండు. వెళ్ళి వస్తారు. నేను సరే అన్నాను. నా చెవులతో విని, నా వేలితో నొక్కాను.

తప్పెక్కడ జరిగిందో నాకప్పుడు తెలిసింది. అత్త వెళ్ళొస్తానంది. మన నోటికి వచ్చేది అదే కదా. శాశ్వతంగా ఇల్లు వదిలేవాళ్ళయినా వెళ్ళొస్తామనే అంటారు. నా చెవికి అది వెళ్ళిపోవడంలాగే వినిపించింది. మునసబు మాత్రం ఉన్నదున్నట్టు వింది.

ఈ ఋతువుకు ఇదే ఆఖరి ప్రయాణం. గది ఏడు రోజుల్లో బయల్దేరుతుంది. అప్పటికి అత్తకు మిగిలేవి పదమూడు. పన్నెండుకు ఒక్కటి ఎక్కువ. అంటే, ఆలోపు వెళ్ళిపోతున్నట్టు నమోదైతే చాలు.

త్రినాథరావు గారి దగ్గరకు పరుగెత్తాను. ఆయన నుదురు రుద్దుకున్నారు.

"రికార్డు మార్చే అధికారం నాకు లేదమ్మా. ఆవిడే మళ్ళీ చెప్పాలి."

"ఉద్యోగం మానేస్తున్నాను అని చెప్పిస్తాను సార్."

"ఆ మాట పనిచేయదు. మనవాళ్ళు కూర బాగోలేకపోయినా మానేస్తాననే అంటారు కదా! రోజుకి నలభై రాజీనామాలు పడుతున్నాయని రెండేళ్ళ కిందట ఆ మాటే తీసేశారు. ఇప్పుడు ఒకే వాక్యం. ఇదిగో." కాగితం నా ముందుకు తోశారు.

"మీరే ఒకసారి చదివి వినిపించండి సార్, అత్తకు నేర్పిస్తాను."

ఆయన నోరు తెరిచి, గోడవైపు చూసి, మూసేశారు. "నేనెందుకమ్మా ఆ మాట అనడం. నాకు పిల్లలున్నారు. నువ్వే చదువుకో."

కాగితం మీద ఉన్నది ఇది: *నేను పోతున్నాను. మళ్ళీ రాను.*

మిగిలిన సెలవులు: 19

అత్తకు నేను సరిగా చెప్పలేకపోయాను. ఆ మాటలు పైకి అనడానికి నాకూ భయమేసింది. మునసబు చెవిన పడితే నా రాజీనామాగా తీసుకుంటుందేమో. అందుకని, "వెళ్ళొస్తానని మాత్రం అనకు. వెళ్ళిపోతున్నట్టు గట్టిగా చెప్పు" అన్నాను.

అత్త గోడ ముందు నిలబడింది. చేతులు కట్టుకుంది. వెళ్ళొస్తా అనకూడదని పెదవులు బిగించి, చాలాసేపు ఆలోచించి అంది:

"మరింక ఒత్తాను బాబూ."

"మైలపల్లి కాసులమ్మ వచ్చారు. సెలవు ముగిసింది. విధుల్లో చేరినట్టు నమోదు చేయవచ్చునా?"

నేను ఎర్ర మీట నొక్కాను. ఎంత గట్టిగా నొక్కానంటే గోరు విరిగింది. తిరస్కరించిన ప్రకటనను మూడు రోజుల దాకా మళ్ళీ వినదట. అత్త నావైపు చూసింది, ఏం తప్పన్నానే అన్నట్టు.

మూడు రోజులకొకసారి. అంటే పదహారు దగ్గర ఒకసారి, పదమూడు దగ్గర ఒకసారి. రెండే అవకాశాలు.

మిగిలిన సెలవులు: 16

ఈసారి వాక్యం చెవిలో చెప్పి నేర్పాను. నీళ్ళ పంపు పక్కన, ఆ హోరులో మునసబుకు వినబడకుండా. అత్త విని, తువ్వాలు బిగించి కట్టుకుంది. నేను అర్థమైందనుకున్నాను.

గోడ ముందు నిలబడి, "నాను" అంది. ఆగిపోయింది. మునసబు ఎదురుచూసింది. గౌరీసు, త్రినాథరావు గారు, నేను ఆమె నోటివైపే చూస్తున్నాం.

"నాను" అంది మళ్ళీ. తర్వాత వెనక్కి తిరిగి, కాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

ప్రకటన అసంపూర్తి. మూడు రోజులు.

పడక దగ్గర కూర్చుని గట్టిగానే అడిగాను. "ఒక మాటే కదా అత్తా. ఉత్త గాలి. కాలు పోతుంది, తెలుస్తోందా? నాలుగు నెలలు మంచం మీద నీకు ఎవరు చేస్తారు?"

"నువ్వు సేత్తావు."

"చేస్తాను. తర్వాత? జన్మంతా?"

అత్త దుప్పటి అంచు నలిపింది. అప్పుడు చెప్పింది. నాకు ఇన్నేళ్ళూ తెలియనిది.

మా నాన్న అత్తకు తమ్ముడు. నాకు అయిదేళ్ళప్పుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు, అంతవరకే నాకు తెలుసు. ఆ పొద్దున ఇద్దరికీ గొడవైందట. నన్ను బడిలో వేస్తానని అత్త, చేపల గంప ఎవరు మోస్తారని నాన్న.

"ఆడు తెడ్డట్టుకుని గుమ్మం దిగతా, 'నీ యిట్టమప్పా, నాను పోతన్నాను' అన్నాడు. మనూళ్ళో ఎవులైనా అలగంటే ఏటి సేత్తారే?"

నాకు తెలుసు. వెనక్కి పిలుస్తారు. కూర్చోబెట్టి మూడు గుక్కల మంచినీళ్ళు తాగించి, వెళ్ళొస్తానని అనిపించి అప్పుడు పంపుతారు.

"నాకు కోపం. పిలవనేదు. పోతే పోనీ అనుకున్నాను." కోడిపిల్ల గొంతులోనే చెప్పింది. నవ్వు రాలేదు. "ఒలే నీలా, ఆ మాట నా నోటంట రాదే. కాలు పోతే పోయింది."

మిగిలిన సెలవులు: 14

గౌరీసుకు ఒక ఉపాయం తట్టింది.

"ఇక్కడ అందరిదీ ఒకటే గొంతు కదా పాపా. మీ యత్త పక్కన నిలబడి నోరాడిత్తాది, నువ్వు ఎనకాల నుంచుని సెప్పీ. నాను దగ్గుతాను."

"మునసబు గొంతులు సరిచేసుకుని వింటుంది."

"సరిసేసుకుంటాదో, సేసుకోదో. అత్తా కోడలూ ఒకే పోలిక. ఎవులు సూసొచ్చారు?"

తప్పని తెలుసు. సాక్షిగా ఉండి దొంగ ప్రకటన ఇచ్చినట్టు బయటపడితే నా ఉద్యోగం పోతుంది, అత్త కేసు శాశ్వతంగా మూసుకుపోతుంది. గుర్తుపట్టి నా రాజీనామాగా రాసుకుంటే అంతకన్నా అన్యాయం. నేను పైకి పోతాను, అత్త కిందే ఉండిపోతుంది. ఇవన్నీ తెలిసే వెళ్ళాను. ఉతికే గదిలో పంపులన్నీ తిప్పి, గోడవైపు తిరిగి, అత్తలాగా 'నాను' అని సాగదీసి, సాధన చేశాను.

"నాను పోతన్నాను. మళ్ళీ రాను."

మొదటిసారి 'నేను' అనే వచ్చింది. మూడోసారికి కుదిరింది. నాలుగోసారి అంటుంటే నా జబ్బ మీద చెయ్యి పడింది.

అత్త. కర్ర లేకుండా, గోడ పట్టుకుని అంత దూరం నడిచి వచ్చింది.

"ఏటన్నావే?"

"అత్తా, అది నీ బదులుగా..."

"ఏటన్నావు! నిన్ను అయిదేళ్ళ కాడ్నించి సాకింది ఈ మాట ఇనడానికేటే! రా. ఇలాగ్రా. ఎనక్కి రా!"

నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి బల్ల మీద కూలేసింది. నీళ్ళ పొట్లం కొరికి నా నోటికి పెట్టింది. "తాగు. ఒకటి. రెండు. ఇంకోటి. ఇప్పుడు సెప్పు."

"వెళ్ళొస్తాను అత్తా."

"మళ్ళీ సెప్పు."

"వెళ్ళొస్తాను."

అప్పుడు నా పక్కనే కూర్చుంది. పంపులు అలాగే హోరెత్తుతున్నాయి. నా తడి జుట్టు తన తువ్వాలుతో తుడిచింది, చిన్నప్పుడు తుడిచినట్టే, చెవులు మండేలాగా. తర్వాత అంది:

"నానంటాను. నువ్వు అనకు."

ఆమెకు ఒక ఒట్టు కావాలి. తను ఆ మాట అన్నాక నేను వెనక్కి పిలవాలి. నీళ్ళు తాగించాలి. వెళ్ళొస్తా అనిపించాలి. అప్పుడే అంటుంది.

ఒట్టు పెట్టాను. పెట్టాక షరతులన్నీ మళ్ళీ చదివాను. ప్రకటన చేసినవాళ్ళు, నెమ్మది గది తలుపు బిగిసేవరకు, దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. నోటితో ఒక్క మాట చెబితే చాలు. అంటే తలుపు బిగిసేలోపు అత్త వెళ్ళొస్తానంటే మొత్తం రద్దు. తలుపు బిగిశాక నా పిలుపు ఆమెకు వినబడదు.

మిగిలిన సెలవులు: 13

పైన గాలి మొదలైందని, గది గంటలోపు కదలాలని పొద్దున్నే కబురొచ్చింది.

అత్తకు విషయం అంతా చెప్పాను. మాట అన్నాక నోరు విప్పకూడదు, నేను పిలవను, కానీ ఒట్టు తప్పను. గాజు దగ్గర చూడు, అన్నాను. తన నీళ్ళ పొట్లం తువ్వాలు మడతలో పెట్టి ఇచ్చాను. తల ఊపింది. అర్థమైందో లేదో తెలియలేదు. గది దగ్గర గౌరీసు అప్పటికే చక్రం మీద చేతులు వేసి ఉన్నాడు. త్రినాథరావు గారు సాక్షి మీట దగ్గర నిలబడ్డారు. ఈసారి నన్ను నొక్కవద్దన్నారు. నేను నొక్కనని ముందే చెప్పాను.

అత్త ఈసారి గోడకు దండం పెట్టలేదు. నన్ను చూస్తూ అంది. ఒక్కొక్క మాట, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు.

"నాను. పోతన్నాను." త్రినాథరావు గారు కళ్ళు మూసుకున్నారు. "మళ్ళీ. రాను."

"మైలపల్లి కాసులమ్మ విధుల నుంచి శాశ్వతంగా తప్పుకుంటున్నారు. నమోదు చేయవచ్చునా?"

పచ్చ మీట. మణికట్టు పట్టీ మీద పదమూడు ఒకసారి మిణుకుమంది, నల్లగా నిలిచింది. మునసబు అంది: "తలుపు మూసేవరకు మీ మాట మార్చుకోవచ్చు."

గది గుమ్మం మోకాలెత్తున ఉంటుంది. గౌరీసు ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని ఎక్కించాం. అత్త గుమ్మం మీద కాలు పెట్టి, ఇన్నేళ్ళ అలవాటు కదా, మావైపు తిరిగింది. నోరు తెరిచింది. "ఎ" అనడం నేను విన్నాను.

అరచేత్తో ఆమె నోరు మూశాను.

అలా మేనత్త నోరు మూసినదాన్ని మా ఊళ్ళో ఎవరైనా చూస్తే ఏమంటారో! ఆమె ఊపిరి నా అరచేతికి వెచ్చగా తగులుతోంది. ఆమె కళ్ళు కోపంగా, తర్వాత భయంగా, తర్వాత గుర్తొచ్చినట్టుగా మారాయి. నేను చెయ్యి తీయకుండానే వెనక్కి నెట్టాను. గౌరీసు తలుపు లాగాడు. చక్రం పదకొండు చుట్లు తిప్పాలి. ఒక్కొక్క చుట్టూ లెక్కపెట్టాను. పదకొండోదాన్ని ఆ ముసలాయన భుజం ఆనించి బిగించాడు.

ఎర్ర దీపం పడింది. లోపలి మాట బయటికి రాదు, బయటి మాట లోపలికి పోదు. అక్కడ మునసబుకు చెవుల్లేవు. గది ఒకసారి బయల్దేరాక కంపెనీ వినాల్సిందేమీ ఉండదు.

తలుపులో అరచేతి వెడల్పున గుండ్రటి గాజు ఉంది. నేను దానికి ముఖం ఆనించి చేత్తో పిలిచాను. రా, వెనక్కి రా. అత్త గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ గాజు దగ్గరకు వచ్చింది. నా చేతిలోని నీళ్ళ పొట్లం చూపించాను. ఆమె తువ్వాలు మడత విప్పి తన పొట్లం తీసింది. కొరికింది. ఇటు నేను ఒక గుక్క, అటు ఆమె ఒక గుక్క. రెండు. మూడు.

అప్పుడు ఆమె పెదవులు కదిలాయి. నాలుగక్షరాలూ స్పష్టంగా కనిపించాయి. మూతి తుడుచుకుని, నేను చూశానో లేదో అని, మళ్ళీ అంది.

నేనూ గొంతు రాకుండా పెదవులతోనే అన్నాను: వెళ్ళిరా.

గౌరీసు పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు. గది కదిలింది.

అత్తకు మిగిలిన సెలవు: 1

గది ఎక్కుతోంది. ఒత్తిడి సరిగా తగ్గుతోందని, అత్త భోజనం చేసిందని, పప్పులో ఉప్పు లేదని సైగలతో తిట్టిందని పైనుంచి గౌరీసుకు కబురొచ్చింది.

ఒక్కరోజు జీతం అత్తకు వస్తుంది. పోయినవి పదహారు. అవి ఆమె వాడుకున్న సెలవులు కావు. పని మానేశాక, మాట సరిగా వినకపోవడం వల్ల పోయినవి. విననిది మునసబు ఒక్కటే కాదు, నేను కూడా. ఇరవై ఏడో షరతు చూపిస్తూ ఈ రోజు పైఅధికారులకు అర్జీ రాశాను. జరిగినదంతా, నేను నొక్కిన పచ్చ మీటతో సహా. ఇక్కడ మొదటిసారి నోటితో కాక చేత్తో రాసిన అర్జీ అట. త్రినాథరావు గారు చదివి, నా పేరు కింద తన పేరూ రాశారు.

మునసబు దాన్ని చదివి పంపుతుంది. అందుకే పంపేముందు మరోసారి చూసుకున్నాను. చివర, బడిలో ఉత్తరాలు రాయడం నేర్పినప్పటి అలవాటు కొద్దీ, 'ఇక సెలవు' అని రాసి ఉంది.

రబ్బరుతో గట్టిగా చెరిపేసి, నా పేరు మాత్రం ఉంచాను.